మొండిదిబ్బ రంగు

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే మాట. కాదనను. నీళ్ల అడుగున నలభై నిమిషాలు నోరు మూసుకుని పనిచేసే మనిషి పైకొచ్చాక కాస్త ఎక్కువే మాట్లాడుతుంది. ఆ కోపం వల్ల జరిగిన నష్టం ఒకటి ఇందులో ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నా పని పగడాల రంగు చూడటం. వినడానికి నగల కొట్టులో ఉద్యోగంలా ఉంటుంది. సముద్రంలో ఆరోగ్యంగా ఉన్న పగడం గోధుమరంగులో ఉంటుంది. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముండి దానికి తిండి పెడుతుంది. నీళ్లు వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోతుంది, పగడం పాలిపోతుంది. వేడి తగ్గకపోతే తెల్లబడుతుంది, ఆ తర్వాత చస్తుంది. ఏ పగడపు దిబ్బ ఎంత వేడి తట్టుకుంటోంది, ఎంత తొందరగా తేరుకుంటోంది అని ఏటా చూసి నివేదిక రాయడం మా ఆఫీసు బాధ్యత. అందుకు మా చేతిలో ఉండేది అరచేతికంటే కాస్త పెద్దదైన, చట్రం బిగించిన ప్లాస్టిక్ కార్డు. దాని మీద ఒకటి నుంచి ఆరు దాకా రంగు గళ్లుంటాయి. ఒకటి దాదాపు తెలుపు, ఆరు ముదురు గోధుమ. పగడం పక్కన కార్డు పెట్టి, ఏ గడితో రంగు కలిస్తే ఆ నంబరు పలక మీద రాసుకోవాలి.

ఈ పని మొదలుపెట్టింది మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. నాకు ఈత నేర్పిందీ, నీళ్లలో ఊపిరి పొదుపు చెయ్యడం నేర్పిందీ ఆయనే. పదకొండేళ్ల క్రితం రిటైరైన రోజున తన కార్డు నా చేతిలో పెట్టాడు.

"మనిషి మారితే కన్ను మారుతుంది, కార్డు మారితే కొలత మారుతుంది. ఒకే మనిషి, ఒకే కార్డు. నీ కన్ను ఒకటి చెప్పి కార్డు ఇంకోటి చెబితే కార్డునే నమ్ము," అన్నాడు.

నేనా కార్డుని కంటికి రెప్పలా చూసుకున్నాను. నీళ్లలోంచి రాగానే మంచినీళ్లతో కడిగి, పడవ కమ్మీకి తగిలించి ఎండలో ఆరబెట్టేదాన్ని. ఆఫీసులో నా బల్ల పక్కన కిటికీ దగ్గర మేకు కొట్టి దానికి వేలాడదీసేదాన్ని. పొద్దున్నే రాగానే ముందు దాన్ని చూసుకుంటే గానీ కుర్చీలో కూర్చునేదాన్ని కాదు. నవ్వేవాళ్లు నవ్వారు. నాలుగేళ్ల క్రితం మా డైరెక్టరు గారు ఇంకో కంపెనీ కార్డులు తెప్పించి, ఇకమీదట ఇవి వాడదాం అన్నారు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆఫీసంతా వింటుండగా, "కాలు తడవని వాళ్లు నాకు కార్డు గురించి చెప్పక్కర్లేదు," అన్నాను. ఆయన ఆ పెట్టెని స్టోరు గదిలో పెట్టించేశారు.

మా పరిధిలో ఐదు దిబ్బలుండేవి. వరసగా వచ్చిన మూడు వేసవుల్లో నాలుగు తెల్లబడి చచ్చాయి. చచ్చినదాన్ని పోల్చుకోవడానికి కార్డు అవసరం లేదు. మిగిలింది ఐదోది, పడవల వాళ్లు మొండిదిబ్బ అంటారు. అక్కడ నలభై పగడాల పక్కన మావయ్య మేకులు దించి నంబరు బిళ్లలు కట్టాడు. ఏ ఏడు చూసినా వాటి సగటు నాలుగే. పక్క దిబ్బలు శవాల్లా పడి ఉంటే ఇది మాత్రం నాలుగు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా అనుకునేదాన్ని.

సర్వే ఆఖరిరోజున తడి జుట్టుతోనే మావయ్య ఇంటికి వెళ్లడం నాకు అలవాటు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది, మాట నెమ్మదించింది. కిటికీ పక్క మంచం మీద కూర్చుని నాకోసం చూస్తుండేవాడు. కుశలప్రశ్నలేం ఉండవు.

"ఎంత?" అనేవాడు.

"నాలుగు."

"మొండిది," అని నవ్వేవాడు. నోటికి సగమే నవ్వు వచ్చినా కళ్లకు మొత్తం వచ్చేది. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తింటాడని మా అత్తయ్య చెప్పేది. ఈ ఏడాది సర్వే ముగిశాక కూడా అలాగే వెళ్లి నాలుగని చెప్పొచ్చాను.

ఆ నాలుగు పుణ్యాన మొండిదిబ్బకు పేరొచ్చింది. వేడిని తట్టుకునే జాతి కాబట్టి దీని కొమ్మలు కోసి చచ్చిన దిబ్బల మీద నాటితే అవి కూడా బతుకుతాయని పైవాళ్లు అనుకున్నారు. అనుకోవడానికి ఆధారం నా నంబరే. మొదటి ఏడు ఎనిమిది వందల ముక్కలు కోశారు. తర్వాతి ఏడు రెండు వేలు. ఈసారి ఆరు వేలు కొయ్యడానికి రెండు పడవలు, పదిమంది మునకగాళ్లు సిద్ధంగా ఉన్నారు. సోమవారం పొద్దున బయల్దేరాలి.

దానికి ముందు గురువారం అత్తయ్య ఫోన్ చేసింది. మావయ్య పాత స్కానింగు కాయితాలు ఆస్పత్రి వాళ్లు అడిగారట, ఇనప బీరువా పైఅరలో ఉంటాయి, తనకు అందదు, వచ్చి తీసి పెట్టమంది. వెనక గదిలో స్టూలెక్కి వెతికాను. కాయితాల కట్ట దొరికింది. దాని కింద ఒక మందపాటి గోధుమరంగు కవరు, పైన మావయ్య చేతిరాత. చెయ్యి పడిపోకముందు రాత, ముత్యాల్లా ఉంది.

"సాక్షి కార్డు. వెలుతురు తగలనివ్వకూడదు. ఏటా సర్వేకి ముందు చేతికార్డుతో పోల్చాలి. తేడా వస్తే చేతికార్డు పారేయాలి."

దాని కింద మూడు తేదీలు, మూడింటి పక్కనా టిక్కులు. మూడో తేదీ ఆయన రిటైరైన ఏడాదిది. ఆ కింద ఏమీ లేదు.

సోమవారం ప్రయాణం ఉంది కాబట్టి, మేకుకి ఉండాల్సిన నా కార్డు ఆ రోజు నా సంచిలోనే ఉంది. కవరులోది తీసి, నాది తీసి, కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టాను. రెండూ ఒకే రోజు ఒకే అచ్చు లోంచి వచ్చిన కార్డులు. మూలల్లో అచ్చువేసిన అంకెలు కూడా ఒకటే. కానీ నా కార్డు మీద నాలుగో గడి, దాదాపు సాక్షి కార్డు మీద రెండో గడిలా ఉంది. నా ఆరో గడి దాని నాలుగు.

మొదట కవరులో ఉండి ఉండి అదే ముదిరిందేమో అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. తప్పు మన చేతిలో ఉందని ముందే ఎవరికి తడుతుంది? తర్వాత నా కార్డు అంచు చూశాను. చట్రం కింద దాగిన చిన్న చార మాత్రం సాక్షి కార్డు రంగులోనే ఉంది. మిగతాదంతా పదకొండేళ్ల ఎండకు వెలిసిపోయింది. కడిగి ఆరబెట్టింది నేనే, కిటికీకి తగిలించుకుంది నేనే.

ఏడాదికి ఇంత చొప్పున పగడం పాలిపోయింది. ఏడాదికి అంతే చొప్పున నా కార్డు కూడా పాలిపోయింది. రెండూ జోడుగా నడిస్తే తేడా ఎలా తెలుస్తుంది? కామెర్లవాడికి లోకమంతా పచ్చగా ఉంటుందని జనాన్ని వెక్కిరించేదాన్ని. నా సంగతి అంతకంటే అన్యాయం. కళ్లు బాగానే ఉన్నాయి, వాటిని నమ్మొద్దని నాకు నేనే చెప్పుకున్నాను.

"దొరికాయా అమ్మాయ్?" అని అత్తయ్య వంటింట్లోంచి అడిగింది. దొరికాయన్నాను.

మర్నాడు డైరెక్టరు గారి బల్ల మీద రెండు కార్డులూ పెట్టి విషయం చెప్పాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తి చూశారు.

"అంటే పదకొండేళ్ల లెక్కా తప్పేనా?"

"ఎప్పట్నుంచి తప్పిందో తెలీదు. ఇప్పుడైతే తప్పే."

"ఫొటోలున్నాయి కదా. వాటిలో కూడా నాలుగే వచ్చింది."

"ప్రతి ఫొటోలోనూ మూలకి నా కార్డు ఉంటుంది సార్. కంప్యూటరు ఆ కార్డుని బట్టే రంగులు సరిదిద్దుకుంటుంది. దానికి కూడా నేనే అబద్ధం నేర్పాను."

ఆయన లేచి స్టోరు గదికి మనిషిని పంపించారు. నాలుగేళ్ల క్రితం నేను తిట్టి పక్కన పెట్టించిన పెట్టె వచ్చింది. సీలు కూడా తియ్యలేదు. అందులోని కార్డు వేరే కంపెనీదైనా సాక్షి కార్డుతోనే కలిసింది, నాదానితో కలవలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని.

"నీళ్లలో చూసి రండి," అన్నారు చివరికి. "ఆదివారం సాయంత్రంలోపు నాకు చెప్పండి. ఉత్త కార్డులు చూపించి పడవలు ఆపమంటే పైవాళ్లు ఊరుకోరు. నంబరు కావాలి."

శనివారం పొద్దున్నే మా సర్వే పడవ సరంగుతో బయల్దేరాను. ఆ పడవ నడపడం మొదలుపెట్టి ఆయనకు ఇరవై ఏళ్లు. మాటకారి, దారిపొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. ఆ రోజు నా మొహం చూసి ఇంజను చప్పుడుకే మాట అప్పగించాడు.

అడుగుకు దిగి రెండు కార్డులూ పట్టుకుని ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టాను. నా కార్డు నాలుగంది, సాక్షి రెండంది. రెండో నంబరు: నాలుగు, రెండు. ఆరో నంబరు: మూడు, ఒకటి. పదిహేడో నంబరంటే నాకు ఇష్టం. మనిషంత వెడల్పున కొమ్మలు చాచిన పగడం, దాని సందుల్లో ఒక చేప పదేళ్లుగా నన్ను చూసి విసుక్కుంటూ ఉంటుంది. దాని కొమ్మల చివర్లు రెండేళ్లుగా కోసినవే. ఆ కోతల దగ్గర గోధుమరంగు చూసి, కిందటేడు పలక మీద "గాయం మానుతోంది" అని రాశాను. ఇప్పుడు వేలితో రుద్దాను. రంగు ఊడి వేలికి అంటుకుంది. అది పగడం కాదు, చచ్చిన మోడు మీద పట్టిన పాచి. నా వెలిసిపోయిన కార్డు పక్కన పాచి కూడా ఆరోగ్యంలా కనబడింది.

ముసుగు లోపల ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదు. అలాగే నలభై నంబర్లూ చూశాను. సాక్షి లెక్కన సగటు రెండు. ఇది వేడి తట్టుకునే దిబ్బ కాదు. చచ్చేందుకు మిగతావాటికంటే ఎక్కువ టైము తీసుకుంటున్న దిబ్బ, అంతే. అలాంటిదాని చేతులు నరికి పక్కవాళ్లకు అతికించమని నేను రెండేళ్లు సంతకం పెట్టాను.

పైకొచ్చాక సరంగు చెయ్యిచ్చి లాగి, తువ్వాలు అందించాడు. పలక మీద అంకెలు చూసి తల తిప్పుకున్నాడు. అప్పుడు నాకు మూడేళ్ల కిందటి మాట గుర్తొచ్చింది. ఇదే చోట పడవ మీంచి వంగి చూసి, "అడుగు తెల్లగా కనబడుతోందమ్మా," అన్నాడు. పడవ నడిపేవాళ్లు పడవ నడపండి అన్నాను నేను.

"ఆ రోజు నువ్వు చెప్పావు," అన్నాను.

ఆయన తాడు చుట్టి పక్కన పెట్టాడు.

"నేను పైనించి చూసి అన్నానమ్మా. మీరు దగ్గరికెళ్లి చూసొచ్చి కాదన్నారు. అయితే నా కళ్లే పాడయ్యాయనుకున్నాను. ఆ ఏడు వెళ్లి అద్దాలు కూడా పెట్టించుకున్నాను."

ఆదివారం సాయంత్రం నంబరు చెప్పాను. డైరెక్టరు గారు పడవలు ఆపించారు, నివేదిక వెనక్కి తెప్పించారు. ఉద్యోగం ఊడుతుందనుకున్నాను, ఊడలేదు. తప్పు చెప్పిన మనిషే దిద్దాలి కదా అన్నారు. పాత నంబర్లన్నీ సరిచేసే పని నాకే అప్పగించారు. అప్పటికే కోసిన రెండువేల ఎనిమిది వందల ముక్కల్లో ఎన్ని బతికాయో చూడమన్నారు. వంద లోపే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో బళ్లో చదివాను గానీ ఇలా పట్టుకోవలసి వస్తుందని అనుకోలేదు.

ఇక మావయ్య సంగతి మిగిలింది. అత్తయ్యకు ముందుగా వంటింట్లో చెప్పాను. పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది.

"ఆయనకి చెప్పకు."

"ఎలా అత్తయ్యా? ఆయన పెట్టిన సర్వే అది."

"చెయ్యి పోయింది, నడక పోయింది. ఆయనకంటూ మిగిలింది ఆ ఒక్క నంబరు. అది కూడా పట్టుకుపోతావా? ఏడాదికోసారి నాలుగని చెబితే నీ సొమ్మేం పోతుంది?"

ఆమె మాటలో న్యాయం ఉంది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. కానీ చూసింది రాయి, చూడాలనుకున్నది రాయకు అని నాకు నేర్పింది ఆ మనిషే కదా అన్నాను. అది సగం నిజం. మిగతా సగం ఇప్పుడు చెబుతాను. నేను సత్యం కోసం ఆ గదిలోకి వెళ్లలేదు. నా సంచిలో ఆ కవరుంది. అది నాకెందుకు ఇవ్వలేదని అడగడానికి వెళ్లాను. తప్పంతా నా ఒక్కదాని నెత్తిన ఉండటం నాకు నచ్చలేదు.

ఆయన కిటికీ పక్కనే ఉన్నాడు. సర్వే కాలం కాదు, జుట్టు తడిగా లేదు, అయినా నన్ను చూసి కళ్లతో నవ్వాడు.

"నాలుగు కాదు మావయ్యా," అన్నాను నిలబడే. "రెండు."

ఆయనకు అర్థం కాలేదేమో అనుకున్నాను.  ఆయన ఎడమచెయ్యి చాపాడు. నా కార్డు ఆ చేతిలో పెట్టాను. దాన్ని వెలుతురుకి ఎత్తి, ఇటు తిప్పి అటు తిప్పి, చట్రం అంచు మీద బొటనవేలు ఆనించాడు. నేను వెనక గదిలో అరగంటకి తెలుసుకున్నది ఆయనకు నిమిషంలో తెలిసిపోయింది.

"కవరు," అన్నాడు.

సంచిలోంచి తీసి చూపించాను. అడగడానికి తెచ్చుకున్న మాటలన్నీ నోటి చివరే ఉన్నాయి. ఆయన తన రాతని చదివాడు. మూడు టిక్కుల దాకా వచ్చి ఆగాడు. నాలుగో చోట ఖాళీ కాయితం మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు.

"నీకు ఇచ్చాననుకున్నాను," అన్నాడు.

అంతే. నా కోపం ఎటు పోయిందో తెలీదు. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను. నేనడిగి ఉండొచ్చు కదా మావయ్యా, కార్డు వెలుస్తుందని నాకు మాత్రం తెలీదా, ఏ చీరైనా ఎండలో ఆరేస్తే వెలుస్తుంది కదా అని ఏదేదో వాగాను. ఆయన వినలేదు. ఇచ్చాననుకున్నాను, ఇచ్చాననుకున్నాను అని ఇంకో రెండుసార్లు తనలో తనే అనుకున్నాడు. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. నన్ను ఒక చూపు చూసి, ఆయనకు దుప్పటి కప్పి, తలుపు దగ్గరికి వేసింది.

ఆ తర్వాత నాలుగు నెలలు పాత లెక్కలు దిద్దాను. కార్డు ఏ ఏడు ఎంత వెలిసి ఉంటుందో అంచనా కట్టి ఒక్కో నంబరూ మార్చాను. నేరుగా ఉన్న గీత కాస్తా కిందికి జారే గీతయింది. ఎక్కడా ఒక్కసారిగా పడలేదు. మెట్టు మెట్టుగా, నేను ఏటా దిగి చూస్తుండగా, నా కళ్ల ముందే జారింది. ఏ మెట్టు దగ్గరైనా గమనించి ఉంటే కోత మొదలయ్యేదే కాదు. కోత లేకపోయినా ఎండ ఉండేది, అది నిజమే. కానీ ఎండ నేను తెచ్చింది కాదు, కత్తి నేను తెచ్చింది.

మరుసటి ఏడు వేసవి మళ్లీ ముందే వచ్చింది. కొత్త కార్డుతో వెళ్లాను. దాన్ని నల్లగుడ్డ సంచిలో పెట్టుకుంటున్నాను, సాక్షి కార్డు ఆఫీసు బీరువాలో తాళం వేసి ఉంది, కవరు మీద నాలుగో తేదీ పక్కన నా టిక్కు ఉంది. నలభై నంబర్లలో ఇరవై మూడు చచ్చిపోయాయి. పదిహేడో నంబరు తెల్లగా మెరుస్తోంది, ఇంకా ప్రాణం ఉన్నట్టే ఉంది. చేప లేదు.

సర్వే ఆఖరిరోజున తడి జుట్టుతోనే మావయ్య ఇంటికి వెళ్లాను. దారిలో సగటు రెండుసార్లు లెక్కేసుకున్నాను. ఆయన అడిగితే సరిగ్గా చెప్పాలని.

"తల తుడుచుకో, జలుబు చేస్తుంది," అన్నాడు. అత్తయ్య టీ తెచ్చింది. టీలో చక్కెర తగ్గించేస్తోందని ఆమె మీద నాకు ఫిర్యాదు చేశాడు. మందులు మార్చారని చెప్పాడు. మా అబ్బాయి ఎలా చదువుతున్నాడని అడిగాడు. కిటికీ రెక్క కిర్రుమంటోందని, నూనె వెయ్యమని అన్నాడు. వేశాను.

నా టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను. ఆయన ఎంత అని అడగలేదు.